ఇస్త్రీ దుకాణం సినిమా

కైలాసానికి కోపమొస్తే గొంతు పెరగదు, చెవులు కదులుతాయి. సర్వీసంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో హెడ్‌ఫోన్ తగిలించుకుని గడిపిన మనిషి కాబట్టి మంచైనా చెడైనా ఆయనకు ముందు చెవుల్లోనే తెలుస్తుందని భార్య ఎప్పుడో తేల్చేసింది. ఆ శుక్రవారం సాయంత్రం సిరిసిల్లలో తన ఇంటి ముందు కుర్చీ వేసుకుని ఫోను చూస్తున్న కైలాసం చెవులు రెండూ ఆగకుండా కదులుతున్నాయి.

సంగతేమిటంటే, కరీంనగర్‌లో పాత సినిమాల పిచ్చివాళ్లు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు ఒకటుంది. రిటైరైన లెక్చరర్లు, బ్యాంకు మేనేజర్లు, ఒకరిద్దరు డాక్టర్లు అందులో సభ్యులు. ప్రతి శుక్రవారం ఒక పాత హాలీవుడ్ సినిమా గురించి రాసి, తప్పక చూడమని చెప్పడం కైలాసం వంతు. ఆ వంతు ఆయనకు ఎవరూ వేయలేదు, తనే వేసుకున్నాడు. అందరికీ తెలిసిన సినిమాల జోలికి మాత్రం పోడు. అందరూ చూసినవాటిని మళ్లీ తను చెప్పడమెందుకని ఆయన వాదన. పెద్ద తారలు, పెద్ద బహుమతులు ఉన్నవాటిని పక్కకు నెట్టేసి, వచ్చిన వారంలోనే డబ్బాల్లోకి వెళ్లిపోయి ఎవరి నోటా నానని నలుపు తెలుపు బొమ్మలను ఎక్కడెక్కడినుంచో వెతికి తీస్తాడు. ఇంగ్లిషు పేర్లు ఎవరికీ గుర్తుండవని తనే తెలుగులో పేర్లు పెడతాడు. పియానో మనిషి సినిమా, దీపస్తంభం సినిమా, ఇస్త్రీ దుకాణం సినిమా, ఇలా. రాత్రి డ్యూటీల్లో ట్రంకు కాల్స్ కలుపుతూ, ఆఫీసర్లు మాట్లాడుకునే ఇంగ్లిషు వింటూ వింటూ ఆ భాష పట్టుకున్న చెవి ఆయనది. ఆ చెవే ఆయన్ని ఈ సినిమాల్లోకి లాక్కుపోయింది.

ఆ శుక్రవారం జలుబు చేసి తల దిమ్ముగా ఉంది. ఆ దిమ్ములో రెండు సినిమాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. పియానోలు బాగుచేసుకుని బతికే చూపులేని మనిషిని తీసుకుపోయి సముద్రం ఒడ్డున దీపస్తంభం ఎక్కించాడు. అక్కడినుంచి అతనిచేత తుఫానులో చిక్కుకున్న ఓడకు దారి కూడా చూపించాడు. రాసి పంపేసి, టీ తాగుతూ మళ్లీ చదువుకున్నాకే పొరపాటు తెలిసింది. సవరించుకుందామని ఫోను చేతిలోకి తీసుకునేసరికే జవాబులు వచ్చేశాయి. ఒకాయన చూశానన్నాడు, అద్భుతమన్నాడు. ఒకాయన తన దగ్గర క్యాసెట్ ఉండేదన్నాడు. శ్యాంసుందర్ అనే రిటైర్డ్ లెక్చరర్, గ్రూపులో అందరికన్నా పెద్ద అభిమాని, దీపస్తంభం మెట్లెక్కే ఆ సీను ఎన్నిసార్లు చూసినా తనివి తీరదని రాసి, కింద రెండు చప్పట్ల బొమ్మలు పెట్టాడు.

చూపులేని మనిషి ఓడకు దారెలా చూపించాడని ఒక్కరూ అడగలేదు.

కైలాసం సవరణ పంపలేదు. ఇన్నేళ్లుగా తను చెప్పిన ప్రతి సినిమా కింద వరసగా నిలబడ్డ బొటనవేళ్లు గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటీ నిజం కాదన్నమాట. అన్నిటికన్నా ఎక్కువ బాధ ఇస్త్రీ దుకాణం సినిమా గురించి. దాన్ని ఏడాదికోసారి పేరు పేరునా బతిమాలినట్టు చెప్పేవాడు. ఇంట్లో అల్లుడికి వేసి చూపిస్తే సగంలో ఫోను తీశాడు. భార్య గంట తిరక్కుండానే కునుకు తీసింది. శ్యాంసుందర్ ఇంటికొచ్చినప్పుడు వేస్తే, అసలు కథ మొదలయ్యేసరికి ఆయనకు బస్సు గుర్తొచ్చింది. ఇక తనకు గ్రూపు వద్దు, పొగడ్తలు వద్దు. ఆ సినిమాను మొదటినుంచి చివరిదాకా చూసే మనిషి సిరిసిల్లలో ఒక్కరు దొరికితే చాలు. చచ్చేలోపు అది జరుగుతుందా లేదా అని కైలాసానికి నిజంగానే బెంగ పట్టుకుంది.

*

సోమవారం పొద్దున ఆయన నేతపనివాళ్ల సంఘం భవనానికి వెళ్లాడు. పక్కనే సాంచాల కార్ఖానా. మరమగ్గాలను అక్కడ సాంచాలనే అంటారు. పొద్దున మొదలైతే గోడలు కూడా అదురుతుంటాయి. ఆ భవనంలో ఒక గదిని వయసు మళ్లిన నేతపనివాళ్లకు ఇచ్చారు. మధ్యాహ్నం చాయ్ పోసి, బీపీ చూసి, మందులు గుర్తు చేయడానికి మంజుల అనే అమ్మాయిని పెట్టారు. ఎవరో దాత ఇచ్చిన పెద్ద టీవీ కూడా గోడకు ఉంది, కానీ దాన్ని చూసేవాళ్లు తక్కువ. సాంచాల మధ్య బతుకంతా గడిపినవాళ్లకు ఇంట్లో నిశ్శబ్దం పడదని, కార్ఖానా అదురు ఒంటికి తెలుస్తుంటే తప్ప కూర్చోలేరని, అందుకే ఇక్కడికొస్తారని మంజుల చెప్పింది. ఆమె తండ్రీ సాంచాల మనిషే.

కైలాసం తన కోరిక చెప్పాడు. రోజూ మధ్యాహ్నం ఒక సినిమా వేస్తానన్నాడు. మంజుల వద్దనలేదు గానీ జాలిగా చూసింది.

"సార్, వీళ్లల్ల సగం మందికి చెవులు వినవడయి. తెలుగు సినిమానే చూడరు. గీ ఇంగ్లిషుది ఏం జూస్తరు?"

కైలాసం నవ్వాడు. దానికి మందు తన దగ్గరుందన్నాడు. వినబడనివాళ్ల కోసమే పుట్టినట్టు మూగ సినిమాలున్నాయి కదా. ఎవరికీ తెలియని ఒక మంచి మూగ సినిమా జేబులో పెన్‌డ్రైవులో పెట్టుకునే వచ్చాడు. ఇద్దరు పెళ్లికొడుకుల బట్టలను ఒక దర్జీ తారుమారు చేసి ఇవ్వడం, ఆ పొట్టివాడు, ఈ పొడుగువాడు పడే తిప్పలు, అదీ కథ. కడుపుబ్బ నవ్వించే బొమ్మ. తన తెలివికి తనే మురిసిపోతూ మధ్యాహ్నం చాయ్‌ల వేళకు దాన్ని మొదలుపెట్టాడు.

మొదట్లో అందరూ చూశారు. పొట్టివాడి చేతులు లాల్చీలాంటి కోటులో మునిగిపోతే నవ్వారు కూడా. కాసేపటికి ఒకాయన లేచి వరండాలోకి పోయాడు. వెనకే ఇంకొకాయన. వరండా కిటికీలోంచి కార్ఖానా కనిపిస్తుంది. అక్కడ నిలబడి సాంచాలు చూస్తున్నారు. చివరికి చాప మీద మిగిలింది రాయమల్లు, ఐలవ్వ, ముత్తయ్య. వీళ్లలో ముత్తయ్య గోడకు ఆనుకుని నిద్రపోతున్నాడు.

రాయమల్లు కైలాసం ఉండే గల్లీ మనిషే. చిన్నప్పటినుంచి సాంచాలు నడిపినవాడు, ఇప్పుడు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది పోయినట్టే. మొహమాటం కొద్దీ చివరిదాకా కూర్చున్నాడు. సినిమా ఆగాక, చెవిటివాళ్లు మాట్లాడేంత గట్టిగా చెప్పాడు.

"బొమ్మ మంచిగనే ఉన్నది సారు. గని మనిషి నోరు తెరవంగనే మొకం దీసేసి అక్షరాల పలక వెడ్తుండ్రు. ఆయన ఏమన్నడో మొకంల జూద్దామంటె మొకం ఉండదాయె."

ఐలవ్వ కూడా తల ఊపింది. మొహాలకు అంత సున్నం కొట్టారెందుకని అడిగింది. వినబడనివాళ్లకు మూగ సినిమా పనికిరాకపోవడమేమిటో కైలాసానికి అంతుపట్టలేదు. ఇంటికి పోతూ దారంతా అదే ఆలోచించాడు.

*

మంగళవారం మాటల సినిమా తెచ్చాడు. కోర్టు కథ. నిర్దోషి తరఫున ఒక ముసలి వకీలు వాదిస్తాడు. ఆయన గొంతు గురించి కైలాసం గ్రూపులో రెండు పేజీలు రాశాడు. టీవీ సౌండు ఉన్నంత పెంచి, తను స్పీకరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సీను సీనుకూ ఆపి, వకీలు ఏమన్నాడో చేతులు ఊపుకుంటూ చెప్పాడు. ఈసారి జనం ఇంకా తొందరగా లేచారు. వకీలుకు గుబురు మీసాలున్నాయి. పైగా మాట్లాడేటప్పుడల్లా నోట్లో చుట్ట ఉంటుంది. జడ్జికి గడ్డం. దొంగసాక్షి టోపీని కనుబొమల కిందికి లాక్కుని మాట్లాడతాడు.

"మీసాలోళ్ల సినిమా తేకు సారు," అన్నాడు రాయమల్లు వెళ్తూ వెళ్తూ. "నోరు దాసుకున్నోనితోని ఏం ముచ్చట?"

కైలాసానికి ముందు చెవులు కదిలాయి. తర్వాత నవ్వొచ్చింది. ఆ రెంటి తర్వాత కుతూహలం మొదలైంది. ఇంగ్లిషు రాదు, వినబడదు, అయినా వీళ్లకు నోరే ఎందుకు కావాలి?

బుధవారం సినిమా తేలేదు. రాయమల్లును పట్టుకుని, తననోసారి కార్ఖానాలోకి తీసుకుపొమ్మన్నాడు. ఇన్నేళ్లు సిరిసిల్లలో ఉండీ కైలాసం ఎన్నడూ నడిచే కార్ఖానా లోపల అడుగుపెట్టలేదు. చెవులు పాడవుతాయని భయం. దూది పెట్టుకుని వెళ్లాడు. లోపల చప్పుడు మామూలు చప్పుడు కాదు. గుండె లోపలినుంచి ఎవరో తలుపు బాదుతున్నట్టుంది. వరసగా సాంచాలు, దారం మోసుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడెలు, గాలిలో దూది పొగ. ఒక్కొక్కరు ఎనిమిదేసి, పదేసి సాంచాలు చూసుకుంటున్నారు.

అంత చప్పుడులోనూ వాళ్లు మాట్లాడుకుంటున్నారు. కైలాసానికి అది అర్థమవడానికి కొంతసేపు పట్టింది. ఈ చివరనున్న మనిషి పెదవులు కదిలించాడు, గొంతు కలపకుండా. ఆ చివరనున్నవాడు తల ఊపాడు. ఒకడు చూపుడు వేలు మెలిపెట్టి చూపించాడు. పోగు తెగిందని దానర్థమట. అరచేయి గుండ్రంగా తిప్పితే దారం చుట్టిన కండె అయిపోయిందని. అరచేతి మీద రెండు వేళ్లు నడిపిస్తే సాంచా విడిచి బయటికి పోయినట్టు. అయితే చేతులది తక్కువ పని. ఎక్కువ సంగతంతా మొహంలోనే. ఒక కుర్రాడు పెదవి కొద్దిగా కొరుక్కుంటే అటు పక్కవాడు నవ్వాడు. ఏమిటని కైలాసం సైగ చేస్తే, యజమాని సేటు వచ్చేశాడని వాడు చెబుతున్నాడని రాయమల్లు చెవి దగ్గర అరిచి చెప్పాడు. నిజమే, వెనక సేటు నిలబడి ఉన్నాడు.

బయటికొచ్చి చెవుల్లో దూది తీశాక కూడా కైలాసానికి చప్పుడు పోలేదు. వేపచెట్టు నీడలో రాయమల్లు పక్కన కూర్చుని రకరకాలుగా అడిగాడు. భాష తెలియకపోతే మొహం చూసి ఏం లాభమన్నాడు. రాయమల్లు కాస్త ఆలోచించి, మాట కోసం కాదు సార్ మొహం చూసేది, మాట ఎట్లాగూ మనిషే చెప్తాడు, అది నిజమా కాదా చూసుకోవడానికి చూస్తాం అన్నాడు. అని, అదేమంత పెద్ద సంగతి కాదన్నట్టు బీడీ వెలిగించుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో కైలాసం తన సినిమాలన్నీ ముందు వేసుకుని కూర్చున్నాడు. కథ చూడలేదు, దర్శకుణ్ణి చూడలేదు. మీసాలు చూశాడు. మీసమున్న ప్రతి సినిమానూ పక్కకు పెట్టాడు. చుట్టలు, పైపులు, గడ్డాలు, టోపీలు అన్నీ పోయాయి. గుర్రాల సినిమాలు గుంపుగా పోయాయి. ఈ లెక్కన గొప్ప గొప్ప సినిమాలన్నీ మీసాల దగ్గరే ఓడిపోతుంటే ఆయనకు నవ్వాగలేదు. ఏమైందని భార్య తొంగిచూసింది. మీసాల్లేనివాళ్లను వెతుకుతున్నానంటే వచ్చినదారినే వెళ్లిపోయింది.

చివరికి మిగిలింది ఇస్త్రీ దుకాణం. అందులో భర్త నున్నగా గీసుకున్న మొహంతో ఉంటాడు. భార్యకు టోపీ ఉందిగానీ బయటికి పోయేటప్పుడే. కెమెరా కూడా ఆ ఇద్దరి మొహాలను వదిలిపెట్టదు. నిజానికి తొందరగా కథ నడవదని, ఊరికే మొహాలే చూపిస్తారని ఆ సినిమాను అప్పట్లో జనం తిప్పికొట్టి ఉంటారు. ఇప్పటిదాకా చూడనివాళ్లందరూ తీరిక లేకనో తెలియకనో చూడలేదని కైలాసం సర్దిచెప్పుకున్నాడు. రేపు వీళ్లు కూడా లేచిపోతే ఇక సర్దిచెప్పుకోవడానికేమీ ఉండదు. తను ఇన్నేళ్లు ఒక పనికిరాని బొమ్మను నెత్తిన పెట్టుకున్నట్టే లెక్క.

*

గురువారం మధ్యాహ్నం సినిమా మొదలుపెట్టేముందు మంజులకు కథ చెప్పాడు. ఓడరేవు ఊళ్లో ఒకామె ఊరివాళ్ల బట్టలు ఇస్త్రీ చేసి బతుకుతుంటుంది. ఆమె మొగుడు ఒకరోజు చెప్పాపెట్టకుండా ఓడెక్కి పోయాడు. కొన్నేళ్లకు అలాగే చెప్పాపెట్టకుండా తిరిగొచ్చాడు. ఆమె తిట్టదు, అడగదు, అన్నం పెడుతుంది. అతను రోజూ పని వెతుక్కుంటూ తిరుగుతాడు. చివరి రోజు వట్టి చేతులతో ఇంటికొచ్చి కూర్చుంటే ఆమె ఒక్క మాట అంటుంది. చారు పొయ్యి మీద ఉంది, చల్లారకముందే తాగు. అంతే, తలుపు మూసుకున్న చప్పుడు, సినిమా అయిపోతుంది.

"ఆ మాట అనే గొంతు ఉంటదమ్మా," అన్నాడు కైలాసం, "ఎన్ని వేల గొంతులు విన్న గని అసొంటిది ఇనలే. క్షమించిన అని నోటితోని అనదు. గొంతుతోని అంటది."

మంజుల మర్యాదగా తల ఊపింది.

ఈసారి ఆపి ఆపి చెప్పలేదు. అలవాటు ప్రకారం స్పీకరు పక్కన కుర్చీ వేసుకుని, కుడి చెవి అటు పెట్టి కూర్చున్నాడు. పక్కన కార్ఖానా హోరులో అలా కూర్చుంటే తప్ప వినబడదు. మధ్యమధ్య చాప వైపు చూశాడు. ఒకాయన లేచాడు. ఇక అందరూ లేస్తారనుకున్నాడు కైలాసం. ఆ లేచినాయన వరండాలోకి పోయి, అక్కడున్న ఇద్దరినీ పిలుచుకొచ్చి కూర్చోబెట్టాడు. ముత్తయ్య గోడకు ఆనుకోకుండా ముందుకు వంగి కూర్చున్నాడు. చాయ్ వచ్చింది, చల్లారిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. తెర మీద మొగుడు తాగి వచ్చి బట్టల మూటల మీద పడుకుంటే ఐలవ్వ పెదవులు గొంతు లేకుండా ఏదో అన్నాయి. రాయమల్లు చూసి, చేత్తో ఊరుకోమన్నట్టు సైగ చేశాడు. తెర మీదివాళ్ల సంగతి సాంచాల భాషలో నడిచిపోతోంది.

చివరి సీను వచ్చింది. మొగుడు వచ్చి కూర్చున్నాడు. ఆ గొంతు వినబడింది. చారు పొయ్యి మీద ఉంది. చల్లారకముందే తాగు. కైలాసం ఒళ్లంతా ఎప్పటిలాగే తడిసినట్టయింది. తలుపు మూసుకుంది. సంగీతం లేచింది.

కళ్లు తెరిచి చూస్తే చాప నిండా మనుషులున్నారు. ఒక్కరూ పోలేదు. ఐలవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఒక్క మనిషి దొరికితే చాలనుకున్నవాడికి ఇంతమంది దొరికారు. కైలాసం చేతులు జోడించాడు. ఎట్లుంది అని సైగతోనే అడిగాడు.

"మంచిగున్నది సారు," అన్నాడు రాయమల్లు. "గని ఆమె యాడికి వోయింది?"

ఎవరు ఎక్కడికి పోయారని కైలాసం అడిగాడు.

"గా ఇస్త్రీ జేసే ఆమె. సంచి వట్టుకొని వోయింది గదా."

కైలాసం ప్రేమగా నవ్వాడు. పాపం, వినబడక పొరబడ్డారనుకున్నాడు. పెదవులు బాగా కదిలిస్తూ, చేతులతో చూపిస్తూ నచ్చజెప్పాడు. ఆమె పోలేదు. అతనే ఇంటికొచ్చాడు. ఆమె క్షమించి చారు తాగమంది. అతను లేచి తలుపు వేసుకున్నాడు. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముత్తయ్య అరచేతి మీద రెండు వేళ్లు నడిపించాడు. పక్కాయన కూడా అలాగే నడిపించాడు. చాప మీద ఎన్నో వేళ్లు అరచేతుల మీదుగా నడిచి బయటికి పోయాయి.

"నేను గూడ జూసిన సార్," అంది మంజుల మెల్లగా. "ఆమెనే వోయింది."

అది అతను లోపలినుంచి తలుపు వేసుకున్న చప్పుడని కైలాసం పట్టు విడవలేదు. ఈ సినిమా ఎన్నిసార్లు చూశానో మీకు తెలుసా అన్నాడు. ఆ మాటకు ఐలవ్వ కొంగు దించి సూటిగా ఆయన మొహంలోకి చూసింది.

"నువ్వు కండ్లు మూసుకున్నవ్ సారు. నిన్ను జూసిన నేను."

ఆమె చెప్పింది నిజం. ఎక్స్ఛేంజిలో దూరపు లైను సన్నగిల్లితే కళ్లు మూసుకుని గొంతును పట్టుకోవడం అలవాటు. ఈ సినిమా మొదటిసారి హైదరాబాదులో ఒక ఫిల్మ్ సొసైటీ హాల్లో చూసినప్పుడు ఆ మాట దగ్గర కళ్లనిండా నీళ్లు నిండి ఏమీ కనిపించలేదు. ఆ తర్వాత ఎప్పుడు చూసినా ఆ గొంతు మొదలవగానే రెప్పలు వాటంతటవే వాలేవి. సంగీతం లేచాక తెరిస్తే తెల్లటి అక్షరాలుండేవి. ఇంతకాలం ఆయన ఊరందరినీ చూడమని బతిమాలిన ముగింపును ఆయన విన్నాడు, చూడలేదు. ఎవరికీ తెలియని సినిమా కాబట్టి, అలా కాదని చెప్పేవాళ్లూ లేకపోయారు. దీపస్తంభం మెట్లెక్కే సీను చూశానన్న శ్యాంసుందర్ గుర్తొచ్చి కైలాసానికి సిగ్గుతో మొహం కాలిపోయింది.

"జర చివరిది మళ్ల ఎయ్యమ్మా," అన్నాడు మంజులతో.

స్పీకరు పక్కనుంచి లేచి, వచ్చి చాప మీద రాయమల్లు పక్కన కూర్చున్నాడు. అక్కడికి టీవీ మాటలు రావు, కార్ఖానా హోరు ఒక్కటే. మంజుల సినిమాను వెనక్కి జరిపింది. తెర మీద ఇస్త్రీ చేసే ఆమె పెదవులు కదలబోతుంటే కైలాసం రెప్పలు బరువెక్కాయి. రాయమల్లు మోచేత్తో పొడిచాడు.

ఆమె పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఆ మాట అంటూనే చేతులు వెనక్కి పెట్టి, నడుముకు కట్టుకున్న గుడ్డ ముడి విప్పుతోంది. విప్పి దాన్ని నాలుగు మడతలు పెట్టింది, దుకాణానికొచ్చే గిరాకీల బట్టలు మడతపెట్టినంత పద్ధతిగా. ఇస్త్రీ చేసిన బట్టల దొంతర మీద పెట్టి అరచేత్తో ఒకసారి నిమిరింది. తలుపు వెనకనుంచి సంచి తీసుకుంది. మొగుడు గిన్నెలోకి చూస్తున్నాడు, తలెత్తలేదు. గడప దగ్గర ఆమె వెనక్కి తిరిగింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఏదో అనబోయింది. అనలేదు. ఆమె ఎంతసేపు చూసిందో అంతసేపూ కైలాసం రెప్ప వేయలేదు. తర్వాత బయటినుంచి తలుపు మూసుకుంది.

ఇన్నేళ్లు తను ప్రేమించిన ఆడమనిషి ఈమె కాదని ఆయనకు తెలిసింది. ఈమె అంతకన్నా చాలా కష్టమైన మనిషి. బాధగానే ఉంది. కానీ ఆ బాధ వెనకే, ఈమె గడప దాటి ఎక్కడికి పోయి ఉంటుందనే ఆరాటం మొదలైంది.

చాప మీద అప్పటికే కొట్లాట నడుస్తోంది. ఇస్త్రీ పెట్టె వదిలిపోయింది కాబట్టి మళ్లీ వస్తుందని రాయమల్లు అంటున్నాడు. చేతిలో పనున్న మనిషి పనిముట్టు వదిలి పోదని అతని నమ్మకం. ముత్తయ్య అవునన్నాడు. ఇద్దరు ముగ్గురు కాదన్నారు. రాదు, తిరిగొచ్చేదైతే ఆ గుడ్డను చిలక్కొయ్యకు తగిలించేది, మడతపెట్టి దొంతర మీద పెట్టదు అంది ఐలవ్వ. ఇంగ్లిషు తెలిసినవాడివి నువ్వు చెప్పమని అందరూ కైలాసం వైపు తిరిగారు. ఎప్పుడూ చెప్పడానికి సిద్ధంగా ఉండే మనిషి, తనకు తెలియదన్నాడు. చెప్పి, వస్తుందంటావా అక్కా అని ఐలవ్వనే మళ్లీ అడిగాడు.

ఐలవ్వ కార్ఖానాలో కండెలు చుట్టి పిల్లలను సాకిందని, ఆమె పెనిమిటి మస్కట్ పోయి ఉత్తరం ముక్క లేకుండా కొన్నేళ్లుండి వచ్చాడని, పోయినేడు కాలం చేశాడని ఆ గదిలో అందరికీ తెలుసు.

"మా ఆయన మస్కట్ నుంచి అచ్చిననాడు నేను గూడ గట్లనే అన్నం వెట్టిన సారు," అంది. "సంచి గూడ సదిరి వెట్టుకున్న. కాళ్లు రాలే. ఇన్నేండ్లకు ఒకామె వోంగ జూసిన."

రాయమల్లు చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. చాప మీద ఎవరి వేళ్లూ కదలలేదు. పక్కన సాంచాలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ఐలవ్వ తెర వైపు గడ్డంతో చూపించి, ఇంకొకసారి వేయమంది.

కైలాసం రిమోట్ అందుకున్నాడు.

"యాడికెల్లి ఎయ్యాలె అక్కా?"

"ముడి ఇప్పే కాడికెల్లి," అంది ఐలవ్వ, కూర్చున్నచోటినుంచి కొంచెం ముందుకు జరుగుతూ.